చూసి ఇచ్చిన తూటా

వరహాలు చేతిలోంచి వచ్చిన తూటా పేలి తీరుతుందని ఓడరేవు గోదాముల కాపలా దళంలో ఒక మాట ఉండేది. పేలకూడదని వరహాలు అనుకుంటే పేలదని ఇంకో మాట. మొదటిది అధికారుల ముందు అనేది, రెండోది బ్యారక్సు వెనక బీడీలు కాల్చుకుంటూ అనేది. రెండూ నిజమే. మనిషి ఎంత పనిమంతుడో అంత పాపిష్టివాడు.

పుట్టింది ఆనందపురం అవతల మెట్ట ఊళ్లో. ఉన్న కాస్త చోడి చేనూ అన్నదమ్ములు పంచుకునేసరికి వరహాలు వాటాకి గట్టు మిగిలింది. గట్టు మీద కూర్చుని ఏం చేస్తాడు? మిలిటరీలో చేరాడు. అక్కడ ఒక హవల్దారు ఉండేవాడు, హిందీ రాని కుర్రాళ్లంటే వాడికి మహా సరదా. కాల్పుల రోజున కావాలని ఒక చచ్చు తూటా ఒకడి చేతిలో పెట్టేవాడు. అది పేలక ఆ కుర్రాడు గుడ్లు తేలేస్తే, తుపాకీ నెత్తిన పెట్టించి మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. ఆ చచ్చు తూటా ఎక్కువసార్లు వరహాలుకే వచ్చేది. అత్త చేత వాతలు తిన్న కోడలు, తానూ అత్తయ్యే రోజు కోసం అట్లకాడ దాచుకుంటుంది. వరహాలు అలాంటి కోడలు.

డెబ్బయ్యొకటి యుద్ధం అయ్యాక కుడి చెవి పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. ఎడమ చెవి మాత్రం పాము చెవి. విశాఖపట్నంలో గోదాముల కాపలా దళం వాళ్లు తుపాకుల గది చూసుకునే పని ఇచ్చారు. మల్కాపురంలో ఒక పెంకుటింట్లో భార్య తాయారుతో కాపురం పెట్టాడు.

తూటాలు ఫ్యాక్టరీ నుంచి సీలు వేసిన పెట్టెల్లో వచ్చేవి. సీలు చూసి నమ్మే రకం కాదు వరహాలు.

"ఫేక్టరీ అంటే వెయ్యి సేతులు," అనేవాడు. "వెయ్యి సేతుల్లో ఒక సెయ్యి ఎప్పుడో ఆవలిత్తాది. ఆ ఆవలింత వచ్చి మన మొకం మీద పేల్తాది."

ఏటా కాల్పుల పరీక్ష దగ్గరపడగానే కిటికీ పక్కన పీట మీద అద్దం పలక ఒకటి పరుచుకుని కూర్చునేవాడు. ఒక్కొక్క తూటా తీసి ముందు మడమ చూస్తాడు. అక్కడ చిన్న రాగి బొట్టు ఉంటుంది, దాన్ని టోపీ అంటారు. తుపాకీ సూది ఆ టోపీ మీద కొడితేనే లోపల మందు అంటుకునేది. అది ఉబ్బినా, లోపలికి కుంగినా ఆ తూటా పక్కకి పోవాల్సిందే. తరవాత ఇత్తడి డొల్ల మెడని వెలుగుకి పెట్టి వెంట్రుకవాసి పగులు కోసం వెతుకుతాడు. ముందున్న గుండుని రెండు వేళ్లతో పట్టి మెలితిప్పుతాడు. అది కదిలిందా, సముద్రం గాలి లోపలికి పోయి మందు చెమ్మగిల్లినట్టే. అద్దం మీద దొర్లిస్తాడు, వంకర ఉన్నది కల్లు తాగినవాడిలా తూలుతుంది. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. గ్రీజు వాసన తప్ప ఇంకే వాసనా రాకూడదు.

ఇంత చేశాక కాల్పులు జరిగే రేంజి మీద ఒక ఆచారం పెట్టాడు. తూటాలు అందుకునే ప్రతివాడూ "సూసావా?" అని అడగాలి. "సూసే ఇచ్చాను" అని వరహాలు జవాబివ్వాలి. ఆ మాట పడనిదే ఎవడూ తుపాకీ బోల్టు ముట్టుకోకూడదు. భద్రతాధికారి భీమశంకరరావుకి ఈ తంతు బాగా నచ్చింది. గుళ్లో మంత్రంలా ఉందని మెచ్చుకున్నాడు.

పనికిరాని తూటాలు మూటకట్టి పైవాళ్లకి పంపాలి. వరహాలు పంపేవాడు, కానీ అన్నీ కాదు. కొన్ని ఖాళీ హార్లిక్స్ సీసాలో దాచుకునేవాడు. ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఏడాదికొక్కడు. ఎవడు తన మాట విన్లేదో, ఎవడు నమస్కారం పెట్టడం మరిచాడో, వాడికిచ్చే తూటాల క్లిప్పులో మంచివాటి నడుమ ఒక చచ్చుది కూర్చునేది. టక్కుమని సూది కొట్టుకోవడం, ఆపైన ఏమీ లేదు. దళమంతా ఒక్క గొంతుతో "తుస్స్" అనేది. వాడు తుపాకీ నెత్తిన పెట్టుకుని మండే ఇసకలో రేంజి చుట్టూ పరుగెత్తాలి. షామియానా కింద భీమశంకరరావుకి నవ్వుతో తాగుతున్న గోల్డ్‌స్పాట్ పొలమారేది. పైడయ్య అనే గార్డుకి ఒక ఏడు ఈ వైభవం జరిగింది. ఆ రోజు నుంచి వాడు తుస్సు పైడయ్య. వాడి కూతుర్ని బళ్లో తుస్సుగోడి కూతురన్నారు. ఆ పిల్ల బడి మానేసింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అన్నారా?

ఒక్క జాగ్రత్త మాత్రం ఉండేది ఆ పాపిష్టివాడికి. టోపీ పూర్తిగా చచ్చినవే ఏరి ఇచ్చేవాడు. టోపీ చస్తే నిప్పే పుట్టదు, ఎవడికీ ఏమీ కాదు. టోపీ బతికుండి మందు సగం చచ్చిందనుకోండి, గుండు సగం దూరం పోయి తుపాకీ గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకో తూటా పేలిస్తే గొట్టమే పగిలిపోతుంది. అందుకే తూటా తుస్సుమంటే ఆగి, గొట్టంలోకి చూసి, అప్పుడు రెండోది పెట్టాలని కొత్తగా చేరిన ప్రతి గార్డుకీ వరహాలే నేర్పేవాడు.

అలా నేర్చుకున్నవాళ్లలో అప్పలసూరి ఒకడు. తాయారు తమ్ముడు. ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో తెల్లారకముందే దిమ్మలు మోసేవాడు. భుజాల మీద చర్మం బొబ్బలెక్కి ఊడిపోయేది. తాయారు ఏడ్చి మొత్తుకుంటే వరహాలు భీమశంకరరావు కాళ్లావేళ్లా పడి దళంలో వేయించాడు. కాల్పుల పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం ఖాయం, లేదంటే మళ్లీ ఐసు దిమ్మలే. సూరికి గురి దేవుడిచ్చిందే. నోరు కూడా దేవుడిచ్చిందే, కాకపోతే దానికి తాళం పెట్టడం దేవుడు మరిచాడు.

ఒక రోజు తుపాకుల గది గుమ్మంలో పదిమంది గార్డులు నిలబడి ఉండగా, అద్దం మీద తూటాలు దొర్లిస్తున్న వరహాలుని చూసి సూరి అన్నాడు.

"ఏటి బావా, అప్పడాలు ఒత్తుతన్నావా? ఎండెట్టమంతావా మేడ మీద?"

గుమ్మం గొల్లుమంది. తుస్సు పైడయ్యైతే గోడ పట్టుకుని మరీ నవ్వాడు, ఎన్నాళ్లనుంచో కడుపులో ఉన్న నవ్వు. వరహాలు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇంకో తూటా తీసి దొర్లించాడు. బావామరుదుల మధ్య పరాచికం అనుకున్నారందరూ. మరునాటి నుంచి బ్యారక్సులో అతన్ని అప్పడాల వరహాలన్నారు. ఎడమ చెవి మంచిదని చెప్పాను కదా, ఆ పేరు ప్రతిసారీ వినబడింది.

ఈ ఏడు తుస్సు ఎవడికో అప్పుడే తేలిపోయింది. పరీక్ష పోతే పోనీ, ఇంకో ఏడు ఐసు మోస్తే నోటికి అదుపొస్తుంది అనుకున్నాడు వరహాలు. అంతకు మించి అతను అనుకోలేదు. ఆ మాట ఒప్పుకోవాలి, ఒప్పుకుని ఉమ్మెయ్యాలి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, సూరికి తూటా చూడటం నేర్పింది తనే. చచ్చిన టోపీ ఐతే ఇట్టే పట్టేస్తాడు. అందుకని టోపీ నిగనిగలాడుతూ, గుండు వదులైనది ఒకటి సీసాలోంచి తీశాడు. మెడ చుట్టూ పచ్చగా చిలుం పట్టింది. మెడని పటకారుతో నొక్కి గుండుని బిగించాడు. ఇక పటకారు పళ్ల గుర్తులూ, చిలుమూ పోవాలి. ఆ పని మల్కాపురంలో తాయారుకంటే బాగా చేసేవాళ్లు లేరు.

శుక్రవారం నాడు ఆవిడ పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ఇత్తడి కుందులు తోముతోంది. నానబెట్టిన చింతపండు, పక్కన బూడిద.

"ఒలే, ఇదీ తోము," అంటూ తూటా చేతిలో పెట్టాడు. "ఆపీసరు గారి గదిలో అద్దాల పెట్టెలో ఎట్టడానికి. చింతపండు నీల్లలో తెల్లార్లూ నాననీ. బంగారంలా ఉండాల."

తాయారు భయంభయంగా రెండు వేళ్లతో పట్టుకుంది. "పేలిపోదు కదా?"

"సచ్చినది. నీకేటి భయం."

రాత్రంతా నీళ్లలో ఉంటే మందు ముద్దయి చస్తుంది, పైకేమో కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది అని అతని లెక్క. తాయారు మర్నాడు దాన్ని తన పెళ్లినాటి చెంబుని తోమినట్టు తోమింది. బూడిదతో గుర్తులు మాయం చేసింది. చీర చెంగుతో తుడిచి, చేటలో ఎండపెట్టి, ఎలా ఉందో చూడమని మురిసిపోతూ మొగుడికి ఇచ్చింది. ఇత్తడి నిజంగానే బంగారంలా ఉంది. మందు మాత్రం అతను అనుకున్నంత చావలేదు. పటకారుతో బిగించిన మెడ చెమ్మని కొంత లోపలికి పోనిచ్చింది, కొంత ఆపింది. వెయ్యి తూటాల తప్పులు పట్టినవాడు తాను చేసిన తప్పుడు తూటాని మాత్రం పరీక్ష చెయ్యలేదు. ముక్కు దగ్గర కూడా పెట్టుకోలేదు.

ఆనందపురం దాటాక కొండవాలులో రేంజి. ఎండ మాడ్చేస్తోంది. సూరి వంతు వచ్చింది. క్లిప్పు అందుకుని తూటాలు వేళ్లతో తడిమాడు, నడిమి దాని దగ్గర ఒక్క క్షణం ఆగి వేళ్లు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. తలెత్తి బావ మొహంలోకి చూశాడు.

"సూసావా బావా?"

"సూసే ఇచ్చాను."

ఆ జవాబు విన్నాక సూరి ముఖం తేటపడింది. పడుకుని తుపాకీ భుజానికి ఆనించాడు. మొదటివి గురిపలక నడుమ నల్లచుక్కలోకే పోయాయి. పైడయ్య ఈల వేశాడు. తరవాతది నొక్కాడు.

టక్కుమనలేదు. బుస్సుమంది. పొయ్యిలో పచ్చికట్టె ఊదినట్టు చిన్న చప్పుడు. దళానికి తేడా తెలియలేదు. "తుస్స్" అని ఒక్క గొంతుతో అరిచారు, చప్పట్లు మొదలయ్యాయి. వరహాలు ఎడమ చెవికి తేడా తెలిసింది. టోపీ బతికింది, మందు సగం బతికింది, గుండు గొట్టంలో ఇరుక్కుంది.

ఆగు అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అంటే భీమశంకరరావు లేచి వస్తాడు. అంత దూరం నుంచి నీకెలా తెలిసిందంటాడు. బోల్టు లాగించి డొల్ల తీసి చూస్తాడు. గుండు బయటికే పోయుండొచ్చు కదా అనుకున్నాడు వరహాలు. సూరి తనంతట తానే గొట్టంలోకి చూస్తాడు కదా, నేర్పాను కదా అనుకున్నాడు. తప్పు చేసినవాడికి ఉన్నంత ఆశ ఇంకెవడికీ ఉండదు. మాట మింగేశాడు.

సూరి చూడలేదు. నవ్వులకి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో తూటా నల్లచుక్కలో దించితే ఈ నవ్వులు ఆగుతాయనుకున్నాడేమో, బోల్టు లాగి, తోసి, నొక్కాడు.

పొగ తేలాక చూస్తే తుపాకీ గొట్టం అరటిదొప్పలా విచ్చుకుని ఉంది. సూరి ఎడమచేతికి వేళ్లు లేవు. కుడికన్ను ఉన్నచోట ఏముందో చూసి పైడయ్య వాంతి చేసుకున్నాడు. చేసుకుంటూనే వెళ్లి సూరి తల ఒళ్లో పెట్టుకున్నాడు. అందరూ పరుగెత్తారు. వరహాలు కూడా పరుగెత్తాడు, కానీ ముందు వంగింది ఇసకలో మెరుస్తున్న ఇత్తడి డొల్ల కోసం. అది జేబులో వేసుకున్నాకే బావమరిది దగ్గరికి వెళ్లి "సూరీ, నా తండ్రీ" అని గుండెలు బాదుకున్నాడు. మర్నాడు చీకటితో హార్బరు గట్టు మీద నిలబడి, చేపల వేలం పాటల గోలలో ఆ డొల్లని నీళ్లలోకి విసిరేశాడు.

విచారణ జరిగింది. వరహాలు చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఫేక్టరీ తప్పు సార్. లోపల మందు ఎలగుందో పైకి ఎవులికి తెలుస్తాది? నా కళ్లతో సూసే ఇచ్చాను. మరి తుస్సయ్యాక కుర్రోడు గొట్టంలోకి సూడకుండా తొందరపడ్డాడు."

ఏళ్ల తరబడి ఆ తుస్సు చూసి నవ్వినవాడే భీమశంకరరావు. తప్పు ఎక్కడో దూరాన, మొహాలు లేని వెయ్యి చేతుల మీద పడితే అతనికీ హాయే. కాగితాలు మూసేశారు. ఆ మరుసటి ఏడు వరహాలుకి ప్రమోషన్ ఇచ్చారు. ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, ఇక భీమశంకరరావు ఎంత?

ఆసుపత్రి నుంచి సూరిని ఇంటికే తెచ్చుకున్నారు. మిగిలిన కన్ను కూడా మెల్లగా మబ్బేసి ఆరిపోయింది. తాయారు చేప ముల్లు తీసి, ముద్ద కలిపి చేతికిచ్చేది. వీధి గుమ్మంలో కూర్చోబెడితే ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడికి పోయే లారీల చప్పుడు వింటూ, ఊరి కుర్రాళ్లు ఫలానావాడికి ఉద్యోగం వచ్చిందని చెబితే తలాడిస్తూ పొద్దు గడిపేవాడు. వరహాలు కన్నకొడుకులా సాకుతున్నాడని పేట పేటంతా అంది. ఆ మాట అతనికి ఇష్టం. ఎవరైనా ఇంటికొస్తే చాలు, వాళ్ల ముందు మొదలుపెట్టేవాడు.

"నేర్పినాను కదరా సూరీ. తుస్సయితే గొట్టంలోకి సూడాలని లచ్చసార్లు సెప్పినాను."

"అవును బావా," అనేవాడు సూరి తల వంచుకుని. "తప్పు నాదే. నీకు కూడా మాట తెచ్చినాను."

వచ్చినవాళ్లు అయ్యో అనేవారు. వరహాలు పెద్దమనసు చేసుకుని సూరి వీపు తట్టేవాడు. చూపు లేనివాడి చేత తనకి క్షమాపణ చెప్పించుకోవడం అలా ఏళ్ల తరబడి సాగింది. రానురాను తప్పు నిజంగా సూరిదేనని వరహాలుకే నమ్మకం కుదిరింది. రాత్రిళ్లు నిద్ర కూడా బాగా పట్టేది.

ఒక శుక్రవారం తాయారు కుళాయి దగ్గర కుందులు తోముతోంది. పెరటి అరుగు మీద సూరి కూర్చున్నాడు. పక్కనే వరహాలు చిన్న అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. గాలి ఇటు తిరిగింది. సూరి ముక్కు ఎగబీల్చాడు.

"అక్కా, అదేటి?"

"సింతపండురా. కుందులు తోముతన్నాను."

"అదే వాసన," అన్నాడు సూరి నెమ్మదిగా. "ఆయాల క్లిప్పులో నడిమి తూటా ముట్టుకుంటే ఏళ్లకి ఇదే పులుపు వాసనేసినాది. ఇదేటి ఇలగుందని అనుకున్నాను. బావ సూసే ఇచ్చాననీసరికి ఊరుకున్నాను."

తాయారు చేతిలో కుంది ఆగింది.

"మరి ఎవులికీ సెప్పలేదేట్రా ఇన్నాళ్లూ?"

"ఏటి సెప్పను? నా తప్పు నాను సేసుకుని, వాసన మీదకి తోసీడానికి సిగ్గేసినాది."

తాయారు తలెత్తి మొగుడి వైపు చూసింది. సబ్బు నురగ మధ్య కత్తి అలాగే నిలబడిపోయింది. చింతపండు నీళ్లలో తెల్లవార్లూ నానిన తూటా, చెంగుతో తుడిచి మురిసిపోయిన తూటా, తన తమ్ముడి కన్ను, వేళ్లు, ఇన్నేళ్ల ముద్దలు, ఇన్నేళ్ల 'తప్పు నాదే బావా' అన్నీ ఆవిడ మొహంలో ఒకదాని వెనక ఒకటి రావడం వరహాలు చూశాడు.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. మొగుడి జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చినా పేట ఆవిడనే తప్పుపట్టేది, దేవుడిలాంటి మనిషిని అలా చేసిందని. సూరికి చెప్పలేదు. చెబితే, ఆ తూటా తోమింది అక్కేనని కూడా చెప్పాలి. చేతులు మాత్రం మళ్లీ మళ్లీ కడుక్కుంది. కుందులు తుడిచి దీపం పెట్టింది. మధ్యాహ్నం హార్బరు నుంచి వచ్చిన వంజరం చేప ముక్కలతో పులుసు పెట్టింది, చింతపండు దండిగా పిసికి. తమ్ముడికి ముల్లు తీసి కలిపిచ్చింది. తరవాత మొగుడికి వడ్డించింది. వడ్డించి, ఎప్పుడూ లేనిది, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

వరహాలు ముద్ద కలిపాడు. నోటి దాకా వచ్చిన చెయ్యి ముక్కు దగ్గర ఆగింది. పులుపు వాసన. దాని కింద ఇంకేదో ఉన్నట్టుంది. ముద్ద వేళ్ల మధ్య నలిపి చూశాడు. వెలుగుకి పెట్టి చూశాడు.

"సూసావా?" అన్నాడు. తను ఏమంటున్నాడో అన్నాక గానీ తెలియలేదు.

తాయారు కళ్లు తిప్పలేదు.

"తిను. సూసే ఎట్టినాను."

సూరి తన కంచంలోంచి తలెత్తి నవ్వాడు. "తిను బావా. అక్క సెయ్యి ఎప్పుడైనా తప్పిందేటి?"

తాయారు అందులో ఏమీ కలపలేదు. ఆ పూటా కలపలేదు, ఆ తరవాత ఏ పూటా కలపలేదు. ఆ సంగతి మీకూ నాకూ తెలుసు. వరహాలుకి చెప్పేవాళ్లెవరు? హోటల్లో తిందామంటే పేట ఏమనుకుంటుందో అని భయం, పెళ్లాన్ని నిలదీద్దామంటే ఆవిడ నోరు తెరుస్తుందని భయం. బతికినన్నాళ్లూ మూడు పూటలా కంచం ముందు కూర్చుని, మెతుకు మెతుకూ ఏరి చూసి, సూసావా అని అడిగేవాడు. సూసే ఎట్టినాను అని ఆవిడ అనేది. ఆ మాట వినందే ముద్ద ఎత్తలేడు, విన్నాక మింగలేడు.